ఆ గ్రాండ్ నేషనల్ గుర్రాలది కాదు, కుక్కలది

సంపాదకులు గారికి,

అయ్యా,

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో సంక్రాంతి పందాల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఈసారి కోనసీమలో కోడిపందాల బరుల పక్కనే కుక్కల చేత దడులు దూకించే పరుగుపందెం కూడా పెట్టాలని కొందరు ఉబలాటపడుతున్నారనీ, దానికి లండనులో 1839 నుంచీ జరుగుతున్న ‘గ్రాండ్ నేషనల్’ పోటీ ఆదర్శమనీ అందులో రాశారు. ముప్ఫై ఏళ్లకు పైగా ఈ డెల్టా ఊళ్లలో పశువైద్యుడిగా పనిచేసి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న నాకు ఆ వాక్యం దగ్గర ఆగక తప్పలేదు. అందులో రెండు వేర్వేరు పోటీలు ఒకటిగా కలిసిపోయాయి.

1839తో చెప్పుకునే గ్రాండ్ నేషనల్ గుర్రాలది. అది జరిగేది లివర్‌పూల్ దగ్గరి ఎయిన్‌ట్రీ మైదానంలో. లండనుకూ దానికీ సంబంధం లేదు. ఆ పేరునే అరువు తెచ్చుకుని, గ్రేహౌండ్ జాతి కుక్కల చేత హర్డిళ్లు, అంటే మన భాషలో చెప్పాలంటే పుల్లలతో కట్టిన పొట్టి దడులు, దూకిస్తూ పరుగెత్తించే పోటీని లండనులోని వైట్ సిటీ స్టేడియంలో 1927లో మొదలుపెట్టారు. (గ్రేహౌండ్స్ అనగానే మనవాళ్లకు 1989లో ఏర్పడిన పోలీసు దళమే ముందు గుర్తుకొస్తుంది కాబట్టి, నేను రాస్తున్నది సన్నటి నడుము, పొడుగాటి కాళ్లు ఉండే అసలు కుక్క గురించేనని మనవి.) పొరపాటు ఎనభై ఎనిమిదేళ్లే కదా అని సరిపెట్టుకోవచ్చు. కానీ ఆ తేడాలోనే ఈ పందెం స్వభావం ఉంది. అది తరతరాల నుంచి వచ్చిన జానపద క్రీడ కాదు. టికెట్లు అమ్మడానికీ పందేలు కట్టించుకోవడానికీ కొందరు వ్యాపారులు లెక్క చూసుకుని తయారుచేసిన వినోదం. దాన్ని సంప్రదాయమంటూ మన సంక్రాంతికి తగిలించబోతున్నారు కాబట్టి ఆ కథ కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

అంతకుముందు ఇంగ్లండులో ఉన్నది కుందేళ్ల వేట. రెండు కుక్కలను ఒక బతికున్న కుందేలు మీదికి వదిలి, ఏది ఎంత నేర్పుగా దాన్ని మలుపు తిప్పిందో చూసి గెలుపు నిర్ణయించేవారు. 1836లో మొదలైన వాటర్లూ కప్ ఇలాంటి పోటీల్లో పెద్దది. వేటను నిషేధిస్తూ 2004లో చట్టం వచ్చాక, 2005తో అది ముగిసింది. బతికున్న కుందేలు బదులు బొమ్మకుందేలును లాగి కుక్కలను పరుగెత్తించవచ్చన్న ఊహ 1876లోనే లండను శివారు హెండన్‌లో అమలైంది గాని అతకలేదు. కారణం తెలుసుకోదగ్గది. అక్కడి బాట తిన్నగా ఉండేది. తిన్నటి బాటలో ఎక్కువ వేగం ఉన్న కుక్కే ప్రతిసారీ ముందుంటుంది. ఏది గెలుస్తుందో ముందే తెలిసిపోయే పరుగు మీద డబ్బు కట్టేవాడెవడు?

ఆ చిక్కును విడదీసింది అమెరికాలో ఓవెన్ పాట్రిక్ స్మిత్. యంత్రంతో నడిచే కుందేలును గుండ్రని బాట చుట్టూ తిప్పే ఏర్పాటుతో ఆయన 1919లో కాలిఫోర్నియాలోని ఎమరీవిల్‌లో మైదానం తెరిచాడు. బతికున్న కుందేళ్లను చంపడం ఇష్టంలేకనే ఆయన ఆ యంత్రం పనిలో పడ్డాడని అంటారు. మలుపులు వచ్చేసరికి పరుగులో అనిశ్చితి వచ్చింది. మలుపు దగ్గర లోపలివైపు కుక్క బయటి కుక్కను నెట్టవచ్చు, బయటిది జారవచ్చు, వెనకున్నది సందు చూసుకుని దూరిపోవచ్చు. చార్లెస్ మన్ అనే అమెరికన్ ఆ పద్ధతిని ఇంగ్లండుకు తీసుకుపోగా, బ్రిగేడియర్ జనరల్ క్రిచ్లీ వంటివారు పెట్టుబడి సమకూర్చారు. 1926 జులై 24న మాంచెస్టరులోని బెల్ వ్యూ మైదానంలో మొదటి పోటీ జరిగింది. మొదటి పరుగు గెలిచిన కుక్క పేరు మిస్ట్లీ. ఆ సాయంత్రం వచ్చినవాళ్లు 1,700 మంది మాత్రమే. మరో ఏడాదికి జనం వేలు దాటి పదివేలల్లోకి వెళ్లారు.

వైట్ సిటీ స్టేడియం 1908 ఒలింపిక్స్ కోసం కట్టింది. ఆ ఆటలు అయిపోయాక అంతటి కట్టడానికి సరైన పనే లేకపోయింది. దాన్ని కుక్కల పందేలవాళ్లు తీసుకుని 1927 జూన్ 20న తెరిచారు. ఆ ఏడాదే అక్కడ రెండు పెద్ద పోటీలు పుట్టాయి. ఒకటి చదును బాట మీద పరుగెత్తే డెర్బీ, రెండోది దడులు దూకే గ్రాండ్ నేషనల్. గుర్రప్పందేల్లో జనానికి అలవాటైన రెండు గొప్ప పేర్లనూ ఏకంగా పట్టుకొచ్చి కుక్కలకు తగిలించారన్నమాట. మన ఊళ్లో కొత్తగా పెట్టిన కాఫీ హోటలుకు పాత పెద్ద హోటలు పేరు పెట్టుకున్నట్టే ఇది. మొదటి గ్రాండ్ నేషనల్ గెలిచిన కుక్క పేరు బాంజో.

పోటీ నడిచే తీరు ఇది. ఆరు కుక్కలను ఆరు గదుల పెట్టెలో నిలబెడతారు. ఒకటో కుక్కకు ఎరుపు, రెండోదానికి నీలం, మూడోదానికి తెలుపు, నాలుగోదానికి నలుపు, అయిదోదానికి నారింజ, ఆరోదానికి నలుపు తెలుపు చారల తొడుగు వేస్తారు. డేగ, కాకి, నెమలి అంటూ పుంజుల రంగులు చూసి, ఏ ఝాములో ఏది గెలుస్తుందో కుక్కుటశాస్త్రం తిరగేసే మనవాళ్లకు ఈ రంగుల గొడవ అంత వింతగా ఉండదు. బొమ్మకుందేలు పట్టా మీద చప్పుడు చేసుకుంటూ పెట్టె దాటగానే తలుపులు పైకి లేస్తాయి. ఎన్నో ఏళ్లపాటు దూరం 525 గజాలు, అంటే 480 మీటర్లు. అదే దూరం దడులు లేని బాట మీద 30 సెకన్లలోపు మొదటిసారి పరుగెత్తింది 1929లో మిక్ ద మిల్లర్ అన్న కుక్క, 29.82 సెకన్లు పట్టింది. 1929, 1930 డెర్బీలు గెలిచిన ఆ కుక్క చర్మాన్ని కూరి ఇప్పటికీ ట్రింగ్‌లోని మ్యూజియంలో నిలబెట్టి ఉంచారు. దడులు అడ్డు ఉన్నప్పుడు అదే దూరానికి సహజంగానే సమయం ఎక్కువ పడుతుంది.

దడి పందెం గురించి శిక్షకులు చెప్పే మాట ఒకటి నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. చదును బాట మీద పక్కకుక్కతో ఆడుకోబోయే, తల తిప్పి కరవబోయే కుక్కలను కొన్నిసార్లు దడులకు మళ్లిస్తారట. దూకవలసిన దడి ముందుంటే దాని ధ్యాస పక్కకు పోకుండా నిలబడుతుందని వారి అనుభవం. అయితే దూకడం అన్ని కుక్కలకూ అబ్బదు. అడుగులు లెక్కకట్టుకుని, వేగం తగ్గకుండా, దడి అంచుకు బొడ్డు తగలనంత ఎత్తు మాత్రమే లేచి, దిగీ దిగగానే మళ్లీ సాగిపోవాలి. ఎత్తు ఎక్కువైతే గాలిలో సమయం పోతుంది, తక్కువైతే కాళ్లు తట్టుకుంటాయి. ఇది పసితనం నుంచి ఓపికగా నేర్పవలసిన విద్య. అందుకే ఈ పోటీ చరిత్రలో ఒకసారి గెలిచినవి చాలా ఉన్నా, మళ్లీ మళ్లీ గెలిచినవి కొద్ది. బ్లాసమ్ ఆఫ్ అన్నగురా 1949, 1950 సంవత్సరాల్లో గెలిచింది. షెర్రీస్ ప్రిన్స్ 1970, 1971, 1972ల్లో వరుసగా మూడుసార్లు గెలిచింది.

జనం ఎందుకు వచ్చేవారన్నది ముఖ్యం. పగలంతా ఫ్యాక్టరీలో పనిచేసేవాడు గుర్రప్పందేలకు పోవాలంటే ఒక రోజు కూలి వదులుకోవాలి. కుక్కల పందెం సాయంత్రం దీపాల వెలుగులో, ఊరి నడిబొడ్డునే ఉండేది. అక్కడికక్కడే చట్టబద్ధంగా పందెం కట్టవచ్చు. పందెం డబ్బంతా పోగుచేసి గెలిచినవాళ్ల వాటాలు లెక్కకట్టే టోటలైజర్ యంత్రాలను 1934 చట్టం అనుమతించింది; కాకపోతే ఏడాదికి 104 రోజులే పందేలు కట్టించుకోవాలని హద్దు పెట్టింది. యుద్ధంలో కొన్నేళ్లు గ్రాండ్ నేషనల్ ఆగినా, యుద్ధం ముగిశాక 1946లో ఒక్క ఏడాదిలోనే బ్రిటన్ మైదానాల్లో మూడు కోట్లకు పైగా టికెట్లు తెగాయి. ఆ డబ్బు ఎంత బలమైనదంటే, 1966 ఫుట్‌బాల్ ప్రపంచకప్పులో ఉరుగ్వే, ఫ్రాన్స్ ఆటను వెంబ్లీ స్టేడియంలో కాకుండా వైట్ సిటీలో ఆడించవలసి వచ్చింది. ఆ శుక్రవారం రాత్రి వెంబ్లీలో మామూలుగా జరిగే కుక్కల పందేలను రద్దు చేయడానికి యజమాని ఒప్పుకోలేదు! ప్రపంచకప్పుకే దారివ్వని పందెం అది.

దాన్ని కూల్చింది కూడా పందెమే. 1961 మే నెల నుంచి వీధుల్లో పందెపు దుకాణాలకు లైసెన్సులు వచ్చాక, మైదానానికి పోకుండానే గుర్రాల మీదా కుక్కల మీదా డబ్బు కట్టే వీలు కలిగింది. మిగతా కథ ఎక్కువ చెప్పనక్కరలేదు. జనం పలచబడ్డారు, స్థలం విలువ పెరిగింది. వైట్ సిటీ 1984లో మూతపడి, తర్వాత బీబీసీ భవనాలకు చోటిచ్చింది. గ్రాండ్ నేషనల్ 1985లో బర్మింగ్‌హామ్‌లోని హాల్ గ్రీన్‌కు, 1999లో లండను వింబుల్డన్‌కు, 2012లో సిట్టింగ్‌బోర్న్‌కు మారింది. అది వదిలిపెట్టిన హాల్ గ్రీన్, వింబుల్డన్ మైదానాలు రెండూ 2017లో మూతపడ్డాయి. వింబుల్డన్ స్థలంలో ఇప్పుడు ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. సినిమాహాలు పడగొట్టి కల్యాణమండపం కట్టడం చూసిన మనకు ఇది అర్థమయ్యే విషయమే. అన్నిటికన్నా ముందు చిక్కిపోయింది దడి పందెమే. నేర్పడానికి ఎక్కువ కాలం పట్టేది, దెబ్బలు ఎక్కువ తగిలేది, ఆదాయం మాత్రం చదును పందెం కంటే ఎక్కువ తేలేనిది అదే కాబట్టి దానికోసం కుక్కలను తయారుచేసేవారే తగ్గిపోయారు.

ఇక కుక్కల సంగతి. ఇది నా వృత్తికి సంబంధించిన భాగం కాబట్టి కొంచెం నిదానిస్తాను. గ్రేహౌండ్ గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగం అందుకోగలదు. దాని రక్తంలో ఎర్రకణాల పాలు మామూలు కుక్కలకన్నా ఎక్కువ, ఒంటి మీద కొవ్వు బహు తక్కువ. ఆ కొవ్వు లేకపోవడం వల్ల కూడా థయోపెంటోన్ వంటి మత్తుమందు ఇస్తే అది తొందరగా తేరుకోదు. విరిగిన కాలు సరిచేయడానికి దానికి మత్తివ్వడమే ఒక పరీక్ష. ఆ కాలు విరగడానికి కూడా ఒక లెక్క ఉంది. బ్రిటన్ మైదానాల్లో కుక్కలు ఎప్పుడూ గడియారపు ముల్లుకు ఎదురుగా, ఎడమవైపు తిరుగుతూ పరుగెత్తుతాయి. మలుపులో ఒళ్లంతా ఎడమకు ఒరిగినప్పుడు వెనక కుడికాలి మడమ కీలు మీద పడే ఒత్తిడికి, అందులోని ఒక చిన్న ఎముక, మా పుస్తకాల్లో సెంట్రల్ టార్సల్ అంటారు, నలిగి విరుగుతుంది. ఈ జాతి పందెపు కుక్కల్లో తరచుగా విరిగే ఎముకల్లో అదొకటి. హెండన్‌లో లేని అనిశ్చితిని తెచ్చి టికెట్లు తెంచిన ఆ మలుపే ఎముకనూ తెంచుతోందని ఇక్కడ గమనించాలి.

పోయిన సంక్రాంతి కనుమ మర్నాడు పొద్దున్నే పక్క ఊరి కుర్రాడొకడు పొడుగుకాళ్ల గోధుమరంగు కుక్కను రెండు చేతులా ఎత్తుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. “ఆయ్, నిన్న మూడో దడికాడ మలుపు తిరుగుతా దూకిందండి డాక్టరు గారూ, అప్పట్నుంచీ కాలు నేలకి ఆనించట్లేదండి” అన్నాడు. దాళ్వాకు దమ్ము చేయకుండా బరి కోసం వదిలేసిన చేలో, కొబ్బరి మట్టలు అడ్డంగా కట్టిన నాలుగు దడుల మీదుగా, మోటారుసైకిలు వెనక గోనెసంచి ఈడుస్తూ కుక్కలను గుండ్రంగా తిప్పారట. ఎటువైపు తిప్పారని అడిగితే చేత్తో గాలిలో సున్నా చుట్టి చూపించాడు. ఎడమవైపే. వాచిన కీలు నా వేలి కింద వేడిగా తగిలింది. నొక్కితే కుక్క అరవలేదు, నా చెయ్యిని నాలుకతో తుడిచి మొహం పక్కకు తిప్పుకుంది. కట్టు కట్టి పట్టణానికి పంపి ఎక్స్‌రే తీయిస్తే, వెనక కుడికాలిలో నేను అనుకున్న ఎముకే రెండు ముక్కలైంది. లండను మైదానాల గురించి పుస్తకాల్లో చదివిన ఎముక విరుపు, ఎండిన వరిమోళ్ల మధ్య నా చేతికి తగిలింది. పందెంలో ఆ కుక్క మీద పై పందాలు కాసినవాళ్లెవరూ ఆ కుర్రాడి వెంట రాలేదు.

ఇంగ్లండులో కూడా పరుగు అయిపోయిన కుక్క గతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు. పరుగుకు పనికిరాని గ్రేహౌండ్లను 15 ఏళ్లలో సుమారు 10,000 దాకా చంపి తన స్థలంలో పాతిపెట్టిన ఒక మనిషి సంగతిని 2006లో అక్కడి ఆదివారపు పత్రిక ఒకటి బయటపెట్టింది. ఆ గగ్గోలు ఫలితంగానే 2010లో నిబంధనలు వచ్చాయి. పందెం జరిగే ప్రతి మైదానంలో పశువైద్యుడు ఉండాలి, కుక్కకు గుర్తింపు చిప్ ఉండాలి, తగిలిన ప్రతి దెబ్బనూ రాసి ఉంచాలి. అంటే ఇంగ్లండు ఈ ఆటను మొదలుపెట్టిన ఎనభై నాలుగేళ్లకుగాని దెబ్బల పుస్తకం తెరవలేదు. న్యూజిలాండ్ ప్రభుత్వం ఈ పందేలను ఆపేస్తామని 2024 డిసెంబరులోనూ, వేల్స్ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలోనూ ప్రకటించాయి. పాతుకున్న దేశాల్లోనే సెలవు పుచ్చుకుంటున్న ఆటను మనం కొత్తగా బరిలోకి దింపబోతున్నాం.

మన దగ్గర పందేలు లేవని నేను నటించను. సంక్రాంతి మూడు రోజులూ గోదావరి జిల్లాల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. నేను కూడా కుర్రతనంలో కత్తులు కట్టని డింకీ కోడిపందెం చూడటానికి గట్ల వెంట నడిచినవాణ్ణే. కానీ జంతుహింస నివారణ చట్టం 1960 నుంచీ ఉంది, ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974 నుంచీ ఉంది. వాటిని దాటి పందెం పెట్టేవారు లండను నుంచి ఏం తెచ్చుకుంటారని నా ప్రశ్న. ఏళ్ల తరబడి దడి దూకడం నేర్పే శిక్షకుణ్ణి తేరు. చదునుగా దిమ్మిస చేసిన ఇసుక బాటను తేరు. పరుగుకు ముందు ప్రతి కుక్క కాలూ తడిమి చూసే వైద్యుణ్ణి తేరు. గుండాట బల్ల పక్కన ఇంకో పందెపు బల్ల వేస్తారు, అంతే. పైగా పుష్యమాసపు పొద్దుటి చలి దాటాక మన డెల్టా ఎండలో ఉక్క ఎలా ఉంటుందో, మంచుదేశపు కుక్కకు ఆ ఉక్కలో ఊపిరి ఎలా అందుతుందో ఆలోచించినవారు కనిపించలేదు.

మరొక సంగతి కూడా మీ వ్యాసంలో ఉంటే బాగుండేది. పరుగు కుక్కలు కావాలంటే లండను దాకా పోనక్కరలేదు. కొల్లేటి చుట్టుపక్కల జోనంగి అన్న జాతి మనకే ఉంది. పొట్టి వెంట్రుకల, సన్నటి ఒంటి కుక్క. మామూలు కుక్కలా మొరగకుండా ఒక రాగం తీసినట్టు కూస్తుంది, నేలలో గుంత తవ్వుకుని అందులో చుట్టుకుని పడుకుంటుంది. బాతులను మందగా తోలడానికి ఇక్కడివాళ్లు దాన్ని వాడేవారు. కోత అయిన మడుల్లో బాతుల మంద విడిపోతుంటే, ఒక్క బాతునూ కరవకుండా చుట్టూ తిరిగి దారికి తెచ్చే జోనంగిని ఉద్యోగం కొత్తలో చూశాను. దాని మీద ఎవరూ పందెం కట్టలేదు గాని, గట్టు మీద నిలబడి చూసేవారు మాత్రం ఉండేవారు. అలాంటి కుక్కలు ఇప్పుడు తగ్గిపోయాయి. మీ అనుబంధంలో ఒక పేజీ వాటికి కేటాయించవలసిందిగా కోరుతున్నాను.

చివరిగా, 1839 అన్నచోట 1927 అనీ, గుర్రాల గ్రాండ్ నేషనల్ లివర్‌పూల్ దగ్గరిదనీ, కుక్కలది వైట్ సిటీలో మొదలైనదనీ సవరణ ప్రచురించగలరు. నిర్వాహకులు ఎవరైనా ఈ ఉత్తరం చదివితే, ఆ గోధుమరంగు కుక్కను చూపించడానికి నేను సిద్ధంగా ఉన్నాను. కీలు బిగుసుకుపోయింది, నడుస్తుంది గాని, మా అరుగు మెట్టు దగ్గరికి వచ్చి ఎవరైనా ఎత్తుకుంటారని నిలబడిపోతుంది.

ఇట్లు,
విశ్రాంత పశువైద్యుడు,
అమలాపురం దగ్గర